సందేహములో ఉన్న వోటరు

ఎన్నికల ప్రకటన వెలువడిన నాటినుండి పోలింగు నాటివరకు ఇంటింట వినవచ్చు ప్రశ్న ఒకటి కలదు: "ఈసారి ఎవరికి?" కొందరికి ఈ ప్రశ్నకు సమాధానము ముందే సిద్ధముగా ఉండును. తాతగారు ఏ గుర్తునకు వేసిరో మనుమడును ఆ గుర్తునకే వేయును. మరికొందరు ఒక నాయకునియందలి అభిమానముచే వేయుదురు. వీరికి పోలింగు దినము పండుగవంటిది. వీరినిగూర్చి మేమిప్పుడు చెప్పబోము. మేము చెప్పదలచినది పత్రికలు చదివి, రేడియో విని, రచ్చబండకడ నలుగురితో వాదించి, తుదకు పోలింగు కేంద్రమునకు పోవు దారిలోగూడ మనస్సు కుదుటపడక తడబడు వోటరును గూర్చి.

లోకము ఇట్టివానిని గోడమీది పిల్లి యని పరిహసించును. ఆ పోలిక సరియైనది కాదు. గోడమీది పిల్లి పాలు ఏ వైపున ఉన్నవో చూచుకొని ఆ వైపునకు దుముకును. సందేహించు వోటరు వెదకునది తన పాలను కాదు; పదిమందికి ఏది మేలో తేల్చుకొనవలెనని అతని ఆరాటము. తీర్పు చెప్పవలసినవాడు ఇరుపక్షముల వాదములు విని కొంతసేపు ఆలోచించినచో మనము అతనిని నిందింపము. వోటరును గూడ ఆ దృష్టితోనే చూచుట న్యాయము. అయితే న్యాయాధిపతి ఎంత ఆలోచించినను తీర్పు చెప్పక తప్పదు. వోటరు సందేహమునకును అట్టి గడువు ఒకటి కలదు. ఆ గడువులోపల సందేహమును నిర్ణయముగా మార్చుకొనుట ఎట్లు అనునదే మన విషయము.

సందేహములన్నియు ఒక జాతివి కావు. విషయము తెలియకపోవుటవలన కలుగు సందేహము ఒకటి. విషయము తెలిసియు, కారణములు రెండువైపులకు సమానముగా లాగుటవలన కలుగునది రెండవది. ఎవరియందును విశ్వాసము లేకపోవుటవలన కలుగునది మూడవది. జ్వరములన్నిటికి ఒకే మందు పనికిరానట్లు, ఈ మూడింటికిని ఒకే సమాధానము పనికిరాదు. కావున వానిని వేరువేరుగా పరిశీలింతము.

అంతకుముందు కొంత పూర్వకథ. స్వతంత్ర భారతమున తొలి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు 25న హిమాచల ప్రదేశములోని చినీ ప్రాంతమున మొదలై 1952 ఫిబ్రవరి వరకు జరిగినవి. సుమారు 17 కోట్ల 30 లక్షల మందికి వోటు హక్కు కలిగినది. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలవారు మద్రాసు రాష్ట్రములోను, తెలంగాణమువారు హైదరాబాదు రాష్ట్రములోను వోట్లు వేసిరి. చదువురానివారే అధికముగా ఉన్న దేశమగుటచే, ప్రథమ ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారి ఆధ్వర్యమున ఒక సులభమైన పద్ధతి ఏర్పడినది. ప్రతి అభ్యర్థికిని ఒక్కొక్క పెట్టె. పెట్టెమీద అతని గుర్తు. వోటరు తెరచాటునకు పోయి, తనకిచ్చిన కాగితముపై ఏ గీతయు గీయక, తనకు నచ్చిన పెట్టెలో దానిని వేయవలెను. ద్విసభ్య నియోజకవర్గములలో ఒక్కొక్కరికి రెండు వోట్లుండెను. రెండును ఒకే అభ్యర్థికి వేయరాదు. 1961 నాటి చట్టముతో ద్విసభ్య నియోజకవర్గములు పోయినవి. 1962 ఎన్నికల నాటికి కాగితముపై ముద్ర వేయు పద్ధతి దేశమున చాలవరకు అమలులోనికి వచ్చినది. 2004 లోక్‌సభ ఎన్నికలు దేశమంతటను యంత్రములతో జరిగినవి. సాధనము మారినది గాని, తెరచాటున వోటరు ఒంటరిగా నిలిచి ఒక నిర్ణయమునకు రావలసిన క్షణము మాత్రము మారలేదు.

అభ్యర్థులు ఎక్కువైనకొలది ఎంపిక సులభమగునని గాని, కష్టమగునని గాని చెప్పుటకు వీలులేదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గమున 480 మంది అభ్యర్థులు నిలిచిరి. అందు అధికసంఖ్యాకులు గెలువవలెనని నిలిచినవారు కారు. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిపోవుచున్న తమ గ్రామముల గోడు దేశమునకు వినిపింపవలెనని నిలిచినవారు. వోటు పత్రము పుస్తకమంత అయినది. పోలింగును వాయిదా వేయవలసి వచ్చినది. 2019లో నిజామాబాదున 185 మంది నిలిచిరి. వారిలో చాలమంది పసుపు, ఎర్రజొన్న పండించు రైతులు. ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 బ్యాలెట్ యూనిట్లను వరుసగా అమర్చవలసి వచ్చినది. ఇట్టిచోట వోటరు సందేహము పేర్ల సంఖ్యను గూర్చినది కాదు. తన వోటుతో ఒక ప్రతినిధిని ఎన్నుకొనవలెనా, తన బాధను చాటవలెనా అనునదే అచ్చటి చిక్కు. వోటు ఒకే కాగితము, ఒకే మీట. దానిచే వోటరు చెప్పదలచిన మాటలు మాత్రము పెక్కు. సందేహమునకు మూలము ఇచ్చటనే ఉన్నది.

ఇక మొదటి రకపు సందేహము, అనగా తెలియకపోవుట. దీనికి మందు సులభము. కొంత శ్రమ మాత్రము కావలెను. పూర్వము అభ్యర్థి తననుగూర్చి చెప్పినది, ఎదిరిపక్షము చెప్పినది తప్ప వోటరునకు వేరు ఆధారము ఉండెడిది కాదు. 2002 మే 2న సుప్రీం కోర్టు, అభ్యర్థి పూర్వాపరములు తెలిసికొనుట వోటరు హక్కు అని తీర్పు చెప్పినది. 2003 మార్చి 13న ఆ హక్కును మరల స్థిరపరచినది. నాటినుండి నామపత్రముతోపాటు ప్రతి అభ్యర్థియు ప్రమాణపత్రము దాఖలు చేయవలసియున్నది. తనపై నడచుచున్న క్రిమినలు కేసులు, పడిన శిక్షలు, తనకును, భార్య లేక భర్తకును, తనపై ఆధారపడినవారికిని గల ఆస్తులు, అప్పులు, తన చదువు, ఇవన్నియు అందులో వ్రాయవలెను. ఆ పత్రమును ఎన్నికల సంఘము ప్రజలకు అందుబాటులో ఉంచును. ఇంటిలో కళాశాలకు పోవు పిల్లలున్నచో ఫోనులోనే చూపగలరు.

అయితే ఆ పత్రమును చదువుటలో కొంత వివేకము అవసరము. కేసు ఉన్నదనగానే నేరము రుజువైనదని అర్థము కాదు. ధర్నా చేసినందుకు పెట్టిన కేసు వేరు, హత్యాయత్నమునకు పెట్టిన కేసు వేరు. కేసు ఏ దశలో ఉన్నది, న్యాయస్థానము అభియోగములు నమోదు చేసినదా, శిక్ష పడినదా అని చూడవలెను. 2 సంవత్సరములు గాని అంతకు మించి గాని శిక్ష పడినవాడు పోటీకి సామాన్యముగా అనర్హుడే. ఆస్తుల విషయమునను అంతే. ధనము కలిగియుండుట దోషము కాదు. గత ఎన్నికలనాటి పత్రమునకును ఇప్పటి పత్రమునకును నడుమ ఆస్తి ఎట్లు పెరిగినది, ఆ పెరుగుదల అతడు చూపిన ఆదాయమునకు తగియున్నదా అనునదే అడుగవలసిన ప్రశ్న.

ఈ విచారణ మనకు క్రొత్తది కాదు. కాంచీపురమునకు సమీపమున ఉన్న ఉత్తరమేరూరులో చోళరాజు మొదటి పరాంతకుని కాలపు శాసనములు, క్రీ.శ. 919, 921 నాటివి, కలవు. గ్రామసభ సంఘములకు సభ్యులను ఎంచునప్పుడు అర్హులైనవారి పేర్లు ఆకులపై వ్రాసి కుండలో వేసి, చిన్న బాలునిచే తీయించెడివారు. కాని కుండలో పేరు పడుటకు ముందే గట్టి వడపోత ఉండెడిది. పూర్వము సంఘములో పనిచేసి లెక్కలు ఒప్పజెప్పనివాడు అనర్హుడు. మూడు సంవత్సరములలోపల పదవిలో ఉన్నవాడును అనర్హుడే. నేటి ఎన్నికలకును ఆ పద్ధతికిని చాల భేదమున్నది. అయినను లెక్క చెప్పనివానికి మరల పదవి ఇయ్యరాదన్న నియమము నేటి వోటరునకును ఉపయోగపడును.

తెలియకపోవుటలో మరియొక భాగము, ఆ పదవి దేనికో తెలియకపోవుట. మా వీధిలో మురుగుకాలువ లేదని పార్లమెంటు అభ్యర్థిని నిలదీయుదుము. దేశరక్షణను గూర్చి సర్పంచి అభ్యర్థి ఉపన్యసించును. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు పనులను పంచియున్నది. రక్షణ, విదేశ వ్యవహారములు, రైల్వేలు, నాణెములు కేంద్రమునకు సంబంధించినవి. పోలీసు, ప్రజారోగ్యము, వ్యవసాయము రాష్ట్రమునకు సంబంధించినవి. విద్య, అడవులు ఉభయులకును చెందినవి. 1993లో అమలులోనికి వచ్చిన 73వ, 74వ రాజ్యాంగ సవరణలు గ్రామ పంచాయతీలకు 29 విషయములను, పురపాలక సంఘములకు 18 విషయములను పేర్కొన్నవి. ఏ ఎన్నిక జరుగుచున్నదో, ఆ సభ చేయగల పని ఏదో తెలిసికొన్నచో, వినబడు వాగ్దానములలో సగము తమంతట తామే రాలిపోవును.

ఒక చిన్న లెక్క చూపుదుము. పార్లమెంటు సభ్యుని స్థానిక అభివృద్ధి నిధి 2011–12 నుండి సంవత్సరమునకు 5 కోట్ల రూపాయలు. ఆంధ్రప్రదేశమున 25 లోక్‌సభ స్థానములకు 175 శాసనసభ స్థానములు, తెలంగాణమున 17కు 119. అనగా రెండు రాష్ట్రములందును ఒక్కొక్క లోక్‌సభ స్థానము క్రింద 7 శాసనసభ నియోజకవర్గములు. నిధిని సమానముగా పంచినచో ఒక్కొక్క దానికి ఏటికి సుమారు 71 లక్షలు వచ్చును. ఆ సొమ్ముతో ఊరూరా ఆసుపత్రి కట్టింతునని చెప్పువాడు వేరు నిధులు ఎచ్చటినుండి తెచ్చునో చెప్పవలెను. 2013 జూలై 5 నాటి సుప్రీం కోర్టు తీర్పును అనుసరించి ఎన్నికల సంఘము, ఎన్నికల ప్రణాళికలలోని వాగ్దానములకు కారణమును, వానికి కావలసిన ధనము వచ్చు మార్గమును స్థూలముగానైనను తెలుపవలెనని పార్టీలకు సూచించినది. అడుగుట వోటరు వంతు.

మొదటి రకపు సందేహము ఇట్లు విచారణతో చాలవరకు తీరును. రెండవ రకము అట్లు తీరదు. తెలిసినకొలది పెరుగును గూడ. అభ్యర్థి మంచివాడు, పార్టీ నచ్చదు. పార్టీ నచ్చును, అభ్యర్థి తగడు. కులమువాడు ఒకవైపు, కష్టములో ఆదుకొన్నవాడు ఒకవైపు. వియ్యంకుడు ఒక పార్టీ, అన్నగారు మరియొక పార్టీ. ఈ స్థితిని శాస్త్రీయముగా పరిశీలించినవారు కలరు. 1940లో అమెరికా అధ్యక్ష ఎన్నిక జరుగుచుండగా ఒహాయో రాష్ట్రములోని ఈరీ కౌంటీలో పాల్ లాజర్స్‌ఫెల్డు అను సామాజిక శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 600 మంది వోటర్లను మే నెలనుండి నవంబరువరకు నెలనెలా కలిసికొని ప్రశ్నించిరి. ఆ పరిశోధన 1944లో గ్రంథముగా వెలువడినది. మతము ఒకవైపునకు, వృత్తి మరియొకవైపునకు, బంధుమిత్రులు ఇంకొకవైపునకు లాగుచున్నప్పుడు వోటరు నిర్ణయమును వాయిదా వేయుననియు, క్రమముగా ఎన్నికయందలి ఆసక్తినే కోల్పోవుననియు వారు కనుగొనిరి. రేడియోలో, పత్రికలలో వచ్చు భావములు చాలమందికి నేరుగా గాక, తమ చుట్టునుండు తెలిసినవారి నోటిమీదుగా చేరుచున్నవని గూడ వారు తేల్చిరి. రేడియో ఉన్న ఇంటివారు దీనిని గమనింపవలెను. మీ ఇంట విన్న మాట మీ ఇంటితో ఆగదు. పాలేరుతో, చాకలితో, పొరుగింటివారితో మీరు చెప్పు రెండు ముక్కలే వారికి ఎన్నికల వార్త. ఆకాశవాణి 1977 ఎన్నికలనుండి గుర్తింపుపొందిన పార్టీలకు ప్రసార సమయము కేటాయించుచున్నది. ఒక పార్టీ ప్రసంగము విని మరియొకదానికి మీట త్రిప్పివేయుట న్యాయము కాదు.

ఇట్లు లాగుచున్న శక్తులలో ముఖ్యమైనది, పార్టీని చూడవలెనా, వ్యక్తిని చూడవలెనా అనునది. 1774 నవంబరు 3న ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున ఎన్నికైన ఎడ్మండ్ బర్క్, ప్రతినిధి వోటర్లకు తన శ్రమనే గాక తన వివేకమును గూడ సమర్పింపవలెననియు, వారి అభిప్రాయమునకు లొంగి తన వివేకమును వదలుకొనరాదనియు వారి ఎదుటనే ప్రసంగించెను. ఆ వోటర్లకు అది అంతగా రుచింపలేదు. 1780లో గెలుపు ఆశ లేక ఆయన అచ్చట పోటీనుండి విరమించుకొనెను. మన దేశమున 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణతో పదవ షెడ్యూలు వచ్చినది. సభలో పార్టీ ఆజ్ఞకు విరుద్ధముగా వోటు వేసిన సభ్యుడు తన స్థానమునే కోల్పోవచ్చును. కావున శాసనములు, బడ్జెట్టు, ప్రభుత్వము నిలుచుట పడిపోవుట వంటి విషయములలో సభ్యుడు పార్టీవెంట నడువక తప్పదు. అచ్చట పార్టీ విధానమే లెక్క. ఇక పిలిచిన పలుకుట, అధికారులచే పని జరిపించుట, సభలో నియోజకవర్గపు సమస్యలు లేవనెత్తుట, చేతులు శుభ్రముగా ఉంచుకొనుట ఇవి వ్యక్తి గుణములు. మీకు ఈసారి ఏది ముఖ్యమో ముందు తేల్చుకొన్నచో సగము చిక్కు విడిపోవును. ఆంధ్రప్రదేశమున 2014, 2019, 2024 సంవత్సరములలో జరిగినట్లు లోక్‌సభకును శాసనసభకును ఒకేసారి ఎన్నికలు వచ్చినప్పుడు రెండు వోట్లు వేరువేరు యంత్రములపై వేయుదుము. రెండును ఒకే గుర్తునకు వేయవలెనన్న నియమము లేదు. రెండు ప్రశ్నలు వేరైనప్పుడు రెండు సమాధానములు వేరగుట తప్పును కాదు.

మరియొక చిక్కు: "నాకు నచ్చినవాడు గెలువడు; వానికి వేసి వోటు వృథా చేయుట ఎందుకు?" మన పద్ధతిలో అందరికంటె ఎక్కువ వోట్లు వచ్చినవాడు గెలుచును, సగమునకు మించి రానక్కరలేదు. నూరు వోట్లలో ఒకనికి 40, ఒకనికి 35, ఒకనికి 25 వచ్చినచో 40 వచ్చినవాడే ప్రతినిధి. మిగిలిన 60 మంది వానిని కోరనివారే. ఇట్టి పద్ధతిలో వోటర్లు మూడవవానిని వదలి మొదటి యిద్దరిలో తక్కువ కీడు అనుకొన్నవానివైపు మొగ్గుదురని మారిస్ దువెర్జె అను ఫ్రెంచి పండితుడు 1951లో వివరించెను. ఇట్లు లెక్కవేసి వోటు వేయుట అధర్మము కాదు. కాని నచ్చినవానికి వేసిన వోటు వృథా యనుటయు నిజము కాదు. చెల్లిన వోట్లలో ఆరవవంతునకు మించి రానివానికి ధరావతు దక్కదు. ఓడినవానికి వచ్చిన వోట్లనుబట్టియే ఏ భావమునకు ఎంత బలమున్నదో గెలిచినవాడు గ్రహించును. ఈసారి 25 వచ్చినవాడు మరుసటిసారికి 40 తెచ్చుకొనవచ్చును.

ఒక్క వోటుతో ఏమగునని అడుగువారికి సమాధానము చరిత్రలో కలదు. 1989లో మన అనకాపల్లి లోక్‌సభ స్థానమున కొణతాల రామకృష్ణగారు 9 వోట్ల ఆధిక్యముతో గెలిచిరి. 2008లో రాజస్థానములోని నాథ్‌ద్వారా శాసనసభ స్థానమున సి. పి. జోషిగారు ఒక్క వోటుతో ఓడిరి. ఇట్టివి అరుదుగా జరుగునని మేమెరుగుదుము. నీ వోటుతోనే గెలుపోటములు తేలునని ఆశ పెట్టుట మా ఉద్దేశము కాదు. చేనికి నీరు ఏ చినుకువలన వచ్చినదో చెప్పలేము. అయినను చినుకులు లేనిదే నీరు లేదు.

మూడవ రకపు సందేహము బరువైనది. అభ్యర్థులందరును ఒకే తానులోని ముక్కలని తోచినవాడు ఏమి చేయవలెను? 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమములలో 49-ఓ అను నియమము క్రింద, వోటు వేయదలచుకొనలేదని పోలింగు అధికారికి చెప్పి రిజిస్టరులో వ్రాయించవచ్చును. కాని అట్లు చేసినచో అతని నిర్ణయము అందరికిని తెలిసిపోవును, రహస్యము మిగులదు. 2013 సెప్టెంబరు 27న సుప్రీం కోర్టు ఈ లోపమును గుర్తించి, యంత్రముపైననే తిరస్కారమునకు ఒక మీట ఉంచవలెనని ఆదేశించినది. దానినే నోటా యందురు. ఆ సంవత్సరమే ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీ, మిజోరాం శాసనసభ ఎన్నికలలో అది అమలులోనికి వచ్చినది. దాని శక్తికి ఒక పరిమితి కలదు. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలలో నోటాకు అందరికంటె ఎక్కువ వోట్లు వచ్చినను, అభ్యర్థులలో ఎక్కువ వోట్లు వచ్చినవాడే గెలిచినట్లు. ధరావతు లెక్కలో గూడ అది చేరదు. కావున నోటా నిరసనను నమోదు చేయును గాని ప్రతినిధిని మార్చదు. ఇంట కూర్చుండుటకంటె అది మేలు. ఏలయన రానివాని మౌనమునకు సోమరితనమనియు అర్థము చెప్పవచ్చును, నోటాకు అట్టి అర్థము చెప్పుట కుదరదు. అయితే ఇద్దరు చెడ్డవారిలో ఒకడు ఎక్కువ చెడ్డవాడని మీకు తెలిసినప్పుడు, ఆ తెలివిని వాడుకొనక నోటా నొక్కుట మంచిదా యని ఒకమారు ఆలోచింపవలెను.

ఈ మూడు రకములలోను చేరక, పేదవాని ఇంటికి రాత్రివేళ వచ్చు సందేహము మరియొకటి కలదు. ఎవరో వచ్చి చేతిలో నోట్లు పెట్టిపోవుదురు. మరునాడు మరియొకరు వచ్చెదరు. "ఉప్పు తిన్నాము గదా, వేయకపోయిన పాపము కాదా?" అని ఆ యింటివారు బాధపడుదురు. ఇది హేళన చేయదగినది కాదు. మాట తప్పరాదన్న పెద్ద గుణమే ఇచ్చట వంచనకు లోనగుచున్నది. మా అభిప్రాయమిది: దొంగసొత్తు దాచుమని ఇచ్చినవానికి ఋణపడుట ఎట్లు ధర్మము కాదో, వోటు అమ్ముమని ఇచ్చినవానికి ఋణపడుటయు అట్లే ధర్మము కాదు. ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు చట్టరీత్యా నేరమే. కావున పుచ్చుకొనకుండుటే మేలు. పుచ్చుకొన్నవారికి గూడ వోటు తమదే. ఎవరికి వేసిరో ఎవరును కనిపెట్టలేరు. యంత్రముప్రక్కనుండు వీవీప్యాట్ పెట్టెలో చీటీ 7 సెకండ్లపాటు కనిపించి లోనికి పడిపోవును. దానిపై వోటరు పేరు గాని సంఖ్య గాని ఉండదు. ఒక కేంద్రమున మొత్తముమీద ఎవరికెన్ని వోట్లు పడినవో తెలియవచ్చును గాని, ఫలానావారు ఫలానావానికి వేసిరని తెలియు మార్గము లేదు. వోటు రహస్యమును కాపాడవలసినదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టపు 128వ సెక్షను అధికారులనే కట్టివేసినది. మీ ఇంటి పనివారికి ఈ ఒక్క సంగతి చెప్పినను గొప్ప ఉపకారము చేసినవారగుదురు.

ఇంటి పనివారికే కాదు, ఇంటివారికిని చెప్పవలసినది కొంత కలదు. 1951–52 ఎన్నికల జాబితాలు తయారగునప్పుడు ఉత్తరాది రాష్ట్రములలో పెక్కుమంది స్త్రీలు తమ పేరు చెప్పుటకు ఇష్టపడక, ఫలానావాని భార్యననియో, ఫలానావాని తల్లిననియో వ్రాయించుకొనిరి. సుకుమార్ సేన్ గారు దానికి ఒప్పుకొనలేదు. సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలనుండి తొలగింపబడినవి. ఆనాడు అది కఠినమనిపించినను, వోటు ఒక్కొక్క మనిషికి స్వంతపేరున వచ్చినది గాని, ఇంటి యజమానికి వచ్చినది కాదని దేశమునకు తెలియజెప్పినది. నేటికిని అనేక గృహములలో భోజనమువేళ యజమాని ఒక పేరు చెప్పును, మిగిలినవారు తలయూపుదురు. ఇల్లాలికి సందేహపడు అవకాశమే ఉండదు. 1989లో వోటు వయస్సు 21నుండి 18కి తగ్గిన తరువాత కాలేజీ పిల్లవాని స్థితియు ఇట్టిదే. ఇంటిలో వాదము జరుగనిండు. నాలుగు అభిప్రాయములు వినబడనిండు. ఒకే కప్పు క్రింద నాలుగు గుర్తులకు వోట్లు పడినంతమాత్రమున సంసారము చెడదు.

ఇంత విచారించిన పిమ్మటను సందేహము మిగులవచ్చును. పోలింగు ముగియు గంటకు ముందు 48 గంటలపాటు బహిరంగసభలు నిషిద్ధములు. మైకుల హోరు అణగిన ఆ రెండు దినములు వోటరు ఆలోచనకు తగిన సమయము. ఆ సమయమున మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా సూచన. ఈ ఎన్నిక ఏ సభకు? ఆ సభ చేయగల పనులలో నాకును, నాకంటె దిగువనున్నవానికిని అన్నిటికంటె ముఖ్యమైనది ఏది? ఆ పని చేయుదునన్నవారిలో, గతమున చేసిన దానినిబట్టి ఎవరి మాట నమ్మదగినది? ఈ మూడింటికిని వచ్చిన సమాధానములు ఒక పేరువైపు కొంచెమైనను మొగ్గినచో ఆ మొగ్గు చాలును. త్రాసు పూర్తిగా ఒకవైపునకు ఒరుగువరకు వేచియుండనక్కరలేదు.

ఏలయన మనము వేయునది శాశ్వతముగా చెల్లు వోటు కాదు. లోక్‌సభకును శాసనసభకును రాజ్యాంగము పెట్టిన గడువు 5 సంవత్సరములు. పొరపాటును దిద్దుకొనుటకు మరల అవకాశము ఇచ్చుటయే ఈ పద్ధతిలోని గొప్పదనము. సందేహించి వోటు వేసినవానికి ఒక మేలు గూడ కలదు: తాను ఏ పనిని ఆశించి ఏ పేరును ఎంచుకొనెనో అతనికి జ్ఞాపకముండును. గెలిచినవారు ఊరికి వచ్చిననాడు ఆ పనిమాట అడుగగలవాడు అతడే.